మార్కుల కన్నా ముందు పిల్లల ముఖం చూడండి

ఏటా వేసవిలో తెలుగు రాష్ట్రాల్లో ఒక రోజు వస్తుంది. ఇంటర్ ఫలితాలు ఫలానా సమయానికి విడుదల చేస్తారని ముందు రోజే టీవీలో స్క్రోలింగ్ మొదలవుతుంది. ఆ సమయానికి ఇంట్లో అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. హాల్ టికెట్ నంబరు కొడతారు, సర్వర్ బిజీ అని వస్తే మళ్లీ కొడతారు. చివరికి మెమో తెర మీద కనబడగానే అందరి కళ్లూ అంకెల మీదకే పోతాయి. పక్కనే నిలబడిన పిల్లవాడి ముఖం వైపు ఆ క్షణంలో చూసేవారు తక్కువ. మరునాడు పత్రికల మొదటి పేజీల నిండా ర్యాంకుల ప్రకటనలుంటాయి. లోపలి పేజీలో ఎక్కడో ఓ మూల నాలుగు లైన్ల వార్త ఉంటుంది. ఆ నాలుగు లైన్ల వార్త గురించే ఈ వారం మాట్లాడుకోవాలి.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. రెండు సంవత్సరాలూ కలిపి 9 లక్షల పైచిలుకు విద్యార్థులు పరీక్ష రాస్తే 3 లక్షలకు పైగా ఫెయిలయ్యారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయని ఆ వెంటనే గొడవ మొదలైంది. తెలుగులో సున్నా వచ్చిందని చూపించిన ఒక అమ్మాయికి పేపరు మళ్లీ చూస్తే 99 మార్కులు వచ్చాయి. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. అలా చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు తమ ప్రాణం తామే తీసుకున్నారు. నాలుగేళ్ల తర్వాత, 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లోనే తొమ్మిది మంది పిల్లలు చనిపోయారని పత్రికలు రాశాయి.

2019లో తప్పు చేసిన వారెవరో తేల్చాలని అందరూ అడిగారు, అడగాల్సిందే. కానీ అంతకన్నా లోతైన ప్రశ్న ఒకటి అలాగే మిగిలిపోయింది. ఆ సున్నా నిజమైన సున్నాయే అనుకుందాం. అప్పుడు మాత్రం ఒక పదిహేడేళ్ల బిడ్డ బతుకు ఆ అంకెతో ముగిసిపోవాలా? ముగిసిపోయిందని ఆ బిడ్డకు ఎందుకనిపించింది? అలా అనిపించిన ఆ కొన్ని గంటల్లో పక్కన ఎవరున్నారు?

ముందే తెలిసే తుఫాను

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేల మందికి తక్కువ కాకుండా కొట్టుకుపోయారు. కృష్ణా తీరంలోని పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రాత్రిని తలచుకుని కంటతడి పెడతారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదనే తీరం దాటింది. నగరమంతా చెట్లు కూలాయి, స్తంభాలు వంగిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అయినా రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఈ తేడా గాలి వేగంలో తేడా వల్ల మాత్రమే రాలేదు. ఈ మధ్యకాలంలో హెచ్చరికలు అందే ఏర్పాటు పెరిగింది, తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి, మనుషుల్ని ముందుగానే కదిలించే అలవాటు వచ్చింది.

పరీక్షా ఫలితాల వారం కూడా ముందే తెలిసే తుఫానే. తేదీ తెలుసు, గంట తెలుసు, ఎన్ని లక్షల ఇళ్లకు తాకుతుందో తెలుసు. ఎక్కువ దెబ్బ తగిలేది ఎవరికో కూడా చాలావరకు తెలుసు. అయినా హెచ్చరిక వినేవారు లేరు, షెల్టరు లేదు. ప్రతి ఏడూ చనిపోయిన పిల్లల్ని లెక్కపెట్టుకుని, 'ఈ కాలం పిల్లలకు గుండె ధైర్యం లేదు' అని ఒక మాట అనేసి మన పనిలో మనం పడిపోతున్నాం.

పరీక్ష ఒక్కటే కారణం కాదు

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. అంటే రోజుకు ముప్పై ఐదు మందికి పైనే. పరీక్షలో తప్పడమే కారణమని నమోదైన మరణాలు మాత్రం ఆ ఏడాది రెండు వేల పైచిలుకు. విద్యార్థుల మరణాల సంఖ్యతో పోల్చి చూస్తే అది సుమారు ఆరో వంతు. ఇక మిగిలిన వారి సంగతేమిటి?

ఇక్కడే మన పత్రికల భాష మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. 'మార్కులు తగ్గాయని విద్యార్థి బలవన్మరణం', 'ఫోన్ కొనివ్వలేదని', 'తల్లి మందలించిందని' అంటూ శీర్షికలు వస్తాయి. చదివినవారికి ఒక కారణం, ఒక ఫలితం అన్నట్టు కనబడుతుంది. నిజానికి ఆ చివరి సంఘటన నిండిన కుండలో పడిన ఆఖరి చుక్క మాత్రమే. కుండ నిండడానికి నెలలు పట్టి ఉంటుంది. ఇంట్లో రోజూ గొడవలు, తాగుబోతు తండ్రి, హాస్టల్లో వేధింపులు, క్లాసులో కులం పేరుతో అవమానం, ఎవరికీ చెప్పుకోలేని లైంగిక హింస, నాన్నో అన్నో చనిపోయిన దుఃఖం, ఎవరూ గుర్తించని డిప్రెషన్ లాంటివెన్నో అందులో ఉండొచ్చు. ఫోన్ కొనివ్వకపోవడం వల్లే పిల్లలు చనిపోయేటట్టయితే ఈ దేశంలో పిల్లలు మిగిలేవారు కాదు.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అరవై మంది ఉన్న క్లాసులో నలుగురైదుగురు అన్నమాట. మన దేశంలో లక్ష మంది జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు. ఆ నలుగురైదుగురిలో చాలామంది డాక్టరు ముఖమే చూడరు. వాళ్లను 'సోమరి', 'పొగరు', 'ప్రేమలో పడింది', 'చదువు మీద శ్రద్ధ లేదు' అనే పేర్లతోనే పిలుస్తాం. ప్రపంచమంతటా 15–29 ఏళ్ల వయసువారి మరణాలకు ఆత్మహత్య మూడో పెద్ద కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి దీన్ని ఏదో ఒక కాలేజీ గొడవగానో, ఒక ఇంటి దురదృష్టంగానో చూసి వదిలేయలేం.

ఏమి కనిపెట్టాలి?

చనిపోవాలనుకునే పిల్లల్లో చాలామంది ఏదో ఒక రూపంలో ముందే చెబుతారు. మనం వినే పద్ధతిలో చెప్పరు, అంతే. 'నేను లేకపోతే మీ అందరికీ హాయి కదా', 'నా కోసం డబ్బులు ఖర్చు పెట్టకండి, దండగ', 'నిద్రపోయి ఇక లేవకుండా ఉంటే బాగుండు' అనే మాటలు పెద్దల చెవిన పడే ఉంటాయి. 'ఏం పిచ్చి మాటలవి, లేచి చదువుకో' అని మనం మాట తప్పించేస్తాం. బిడ్డకు తలుపు మూసుకుపోయినట్టు ఉంటుంది, రెండోసారి చెప్పదు.

మాటల్లో చెప్పనివారు నడతలో చూపిస్తారు. ఎప్పుడూ ఆడుకునే స్నేహితులకు దూరమవడం, ఇష్టమైన క్రికెట్టో పాటో బొమ్మలేయడమో ఉన్నట్టుండి మానేయడం, రాత్రంతా మేలుకోవడం లేదా పగలంతా పడుకోవడం, తిండి తగ్గడం, స్నానం మీద శ్రద్ధ పోవడం, చేతుల మీద కోతలు కనబడకుండా ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకోవడం, ఇష్టంగా దాచుకున్న వస్తువులు తమ్ముడికో స్నేహితురాలికో ఇచ్చేయడం, వీడ్కోలు లాంటి స్టేటస్‌లు పెట్టడం, చావు గురించి ఫోన్లో వెదకడం. వీటిలో ఏ ఒక్కటో చూసి భయపడిపోనక్కర్లేదు. రెండు మూడు కలిసి, రెండు వారాలకు మించి ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

పిల్లల్లో దిగులు ఎప్పుడూ కన్నీళ్లుగానే రాదు. చిన్నపిల్లలైతే కడుపునొప్పి అంటారు, తలనొప్పి అంటారు, స్కూలుకు వెళ్లనని మొండికేస్తారు. కౌమారంలో ఉన్న అబ్బాయిల్లో అది కోపంగా బయటకొస్తుంది. తలుపులు ధడాలున వేయడం, బండి వేగంగా నడపడం, తాగడం మొదలుపెట్టడం కూడా లోపలి బాధకు గుర్తులు కావచ్చు. చాలా రోజులు కుంగిపోయి ఉన్న బిడ్డ ఒక్కరోజులో అకారణంగా ప్రశాంతంగా మారిపోతే 'హమ్మయ్య, తేరుకుంది' అనుకుని వదిలేయకండి. అప్పుడే ఇంకాస్త దగ్గరగా కూర్చోండి.

అన్నింటికన్నా పెద్ద హెచ్చరిక, ఇంతకు ముందు ఒకసారి ప్రయత్నించి ఉండడం. 'ఊరికే బెదిరించడానికి చేసింది, నలుగురి దృష్టిలో పడాలని చేశాడు' అని కొట్టిపారేయడం మన ఇళ్లలో మామూలే. నలుగురి దృష్టి కోసం ప్రాణం పణంగా పెట్టేంత దూరం వెళ్లిందంటే, ఆ బిడ్డకు ఆ దృష్టి ఎంత అవసరమో ఆలోచించాలి. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన తర్వాతి మొదటి వారాలు, నెలలు చాలా జాగ్రత్తగా ఉండవలసిన కాలం. మనమేమో గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటాం, ఇక ఆ ఊసే ఎత్తవద్దని ఇంట్లో అందరికీ చెబుతాం.

అడగడానికి భయపడకండి

అనుమానం వచ్చాక చాలామంది తల్లిదండ్రుల్ని ఆపేది ఒక భయం. 'చావు గురించి అడిగితే లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందేమో' అని. అది నిజం కాదు. సూటిగా, ప్రేమగా అడిగితే ఆ ఆలోచన పెరగదని పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్పాయి. పైగా ఇన్నాళ్లూ ఒంటరిగా మోస్తున్న బరువును ఎవరో ఒకరు చూశారన్న ఊరట కలుగుతుంది.

ఎలా అడగాలి? అందరి ముందూ కాదు, కోపంలో ఉన్నప్పుడు కాదు. కలిసి నడుస్తున్నప్పుడో, డాబా మీద కూర్చున్నప్పుడో, బండి మీద వెళ్లి దారిలో టీ తాగుతున్నప్పుడో అడగండి. 'నాన్నా, కొన్నాళ్లుగా నువ్వు సరిగా తినట్లేదు, ఎవరితో మాట్లాడట్లేదు. నాకు బెంగగా ఉంది. లోపల చాలా బాధగా ఉందా? చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?' ఇంతే. తర్వాత మీరు మాట్లాడకండి. మౌనం ఎంతసేపైనా సరే భరించండి. బిడ్డ 'అవును' అంటే ఏడ్చి గోల చేయకండి, 'మేం నీకు ఏం తక్కువ చేశాం' అని లెక్కలు తీయకండి, దేవుడి పేరు చెప్పి భయపెట్టకండి. 'చెప్పి మంచి పని చేశావమ్మా. మనం కలిసి చూద్దాం' అనండి. 'ఎవరికీ చెప్పనని ఒట్టేయి' అని బిడ్డ అడిగితే మాత్రం ఒట్టేయకండి. 'నీకు సాయం చేయగలిగిన వాళ్లకు చెప్పాలి, నీకు తెలియకుండా మాత్రం చెప్పను' అనడం నిజాయితీ.

ఆ రాత్రి చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. బిడ్డను ఒంటరిగా వదలవద్దు. ఎవరో ఒకరు అదే గదిలో పడుకోవాలి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే వాటిని ఇంటి నుంచే తీసేయాలి, పెద్దవాళ్ల బీపీ, షుగరు, నిద్ర మాత్రలు తాళంలో ఉంచాలి. ఇది చిన్న జాగ్రత్తలా కనబడుతుంది కానీ ప్రాణాలు కాపాడడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. పిల్లల్లో చావాలన్న తెగింపు చాలాసార్లు కొద్ది గంటలది, కొన్నిసార్లు కొద్ది నిమిషాలది. ఆ కొద్దిసేపు ప్రమాదకరమైనది చేతికి అందకపోతే ఆ అల దాటిపోతుంది. దాటిన పిల్లల్లో ఎక్కువమంది తర్వాత హాయిగా బతుకుతారు. ప్రమాదకరమైన పురుగుమందులను శ్రీలంక ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చాక అక్కడ ఆత్మహత్యల రేటు భారీగా పడిపోయింది.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. బిడ్డే చేయనక్కర్లేదు, ఏం చేయాలో తోచని తల్లి చేసినా సలహా చెబుతారు. ఇంట్లోనో హాస్టల్లోనో హింస జరుగుతోందంటే పిల్లల కోసం 1098 ఉంది. ఇప్పటికే హాని చేసుకుని ఉంటే, లేదా చేసుకునేలా ఉంటే 108కి ఫోన్ చేసి దగ్గరి ఆస్పత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లాలి. అమెరికాలో ఉన్న మన కుటుంబాల వారికి అక్కడ 988 నంబరు ఉంది.

పోలీసు కేసవుతుందన్న భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఇంట్లోనే నాటువైద్యం చేసేవారున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, అలా ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిదే. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లాంటి శిక్ష లేదు. కాబట్టి పోలీసులకు భయపడి ఆలస్యం చేయకండి.

కాలేజీలు, ప్రభుత్వాలు

ఇంత బాధ్యతా ఇంటి మీదే వేస్తే అన్యాయం. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ చదువు పాతికేళ్లుగా ఎలా నడుస్తోందో అందరికీ తెలుసు. పదిహేనేళ్ల పిల్లను హాస్టల్లో చేర్పించి, తెల్లవారకముందే లేపి, రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెడతారు. వారం వారం టెస్టు, టెస్టు మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు, కింది సెక్షన్‌లో పడితే ఆ సంగతి క్యాంపస్ అంతటికీ తెలియడం. ఔటింగ్ నెలకోసారి. ఇంటికి ఫోన్ చేయాలంటే వార్డెన్ దగ్గర క్యూ. ఆ ఐదు నిమిషాల ఫోన్లో నాన్న అడిగే మొదటి ప్రశ్న 'వీక్లీ టెస్టులో ఎంత?'

దీని మీద కమిటీలు వేయలేదా అంటే వేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చక్రపాణి కమిటీ వేసింది. పిల్లలకు ఊపిరాడని టైంటేబుల్, ఆటల్లేని క్యాంపస్ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఇన్నేళ్లలో కమిటీల నివేదికలు పెరిగాయి, టైంటేబుల్ మాత్రం పెద్దగా తగ్గలేదు.

ఇప్పుడు సుప్రీంకోర్టే రంగంలోకి దిగింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక పదిహేడేళ్ల అమ్మాయి 2023 జూలైలో మరణించింది. ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించడమే కాకుండా, దేశంలోని అన్ని విద్యాసంస్థలకూ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సిలరు కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం వీలైనంతవరకు మానుకోవాలి. టెలీ మానస్ నంబరు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్దగా కనబడేలా పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇవి అందరూ పాటించి తీరాల్సిందే.

ఈ తీర్పు ఇప్పుడు తల్లిదండ్రుల చేతిలో ఉన్న ఆయుధం. వచ్చే ఏడాది అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు రాయితీ ఎంతని అడగడంతో పాటు ఈ ప్రశ్నలూ అడగండి. మీ కౌన్సిలరు ఎవరు? ఒకసారి కలవవచ్చా? 14416 నంబరు ఎక్కడ రాసిపెట్టారు? మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారా? పది మంది తల్లిదండ్రులు కలిసి అడిగితే ఏ కాలేజీ అయినా జవాబు చెప్పి తీరాలి. అడిగేవారు లేకపోతే మాత్రం ఆ పదిహేను మార్గదర్శకాలు కూడా ఆ రెండు కమిటీల నివేదికల పక్కనే చేరతాయి.

ఏది పనిచేస్తుంది?

నివారణ సాధ్యమేనా అని నిరాశపడేవారికి రెండు అనుభవాలు చెప్పాలి. తమిళనాడులో ఫెయిలైన పిల్లలు విద్యా సంవత్సరం నష్టపోకుండా కొద్ది వారాల్లోనే మళ్లీ పరీక్ష రాసే ఏర్పాటు చేశారు. చెన్నైలో 1986లో 'స్నేహ' సంస్థను స్థాపించిన సైకియాట్రిస్టు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్, ఆ ఒక్క మార్పు తర్వాత పరీక్ష తప్పి చనిపోయే పిల్లల సంఖ్య తగ్గిందని ఎన్నో వేదికల మీద చెబుతూ వచ్చారు. ఒక పాలనా నిర్ణయం ప్రాణాలు నిలపగలదన్నమాట. మన దగ్గరా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. కానీ ఫలితాలు చూపించే పేజీలోనే, ఫెయిల్ అన్న మాట పక్కనే, 'ఫలానా తేదీన మళ్లీ రాయవచ్చు, ఏడాది పోదు, మాట్లాడాలంటే 14416' అని పెద్ద అక్షరాల్లో రాయడానికి బోర్డుకు పైసా ఖర్చు కాదు.

రెండోది యూరప్ అనుభవం. పది దేశాల్లో 11,110 మంది స్కూలు పిల్లలతో జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2015లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. కొన్ని స్కూళ్లలో ప్రమాద సూచనలు గుర్తించేలా టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కొన్నిట్లో పిల్లలతోనే నేరుగా, చిన్న చిన్న నాటికల రూపంలో, బాధ వస్తే ఏం చేయాలి, స్నేహితుడు కుంగిపోతే ఎలా ఆదుకోవాలి అని చర్చించారు. ఏడాది తర్వాత చూస్తే, టీచర్ల శిక్షణ ఒక్కటే జరిగిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లలతో నేరుగా మాట్లాడిన చోట ఆత్మహత్యా ప్రయత్నాలు దాదాపు సగానికి తగ్గాయి. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. పదహారేళ్ల వయసులో ఎవరైనా మనసులో మాట మొదట చెప్పేది స్నేహితుడికే. ఆ స్నేహితుడికి ఏం చేయాలో తెలిసి ఉండాలి. 'రహస్యం బయటపెట్టకపోవడం స్నేహం కాదు, ప్రాణం నిలబెట్టడం స్నేహం' అని మన పిల్లలకు ఎవరైనా చెప్పారా?

మన సంఘాల సంగతి

ఇక మన వైపు చూసుకుందాం. పరీక్షలకు ముందు మన సంఘాల్లో ప్రత్యేక ప్రార్థన పెడతారు. హాల్ టికెట్లు, పెన్నులు ముందు పెట్టి దైవజనులు ప్రార్థన చేస్తారు. మంచిదే, పిల్లలకు ధైర్యం వస్తుంది. ఫలితాలొచ్చాక వచ్చే ఆదివారం మంచి మార్కులొచ్చిన వారిని ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించి, బహుమతి ఇస్తారు. అదే ప్రార్థనలో తలవంచిన ఇంకొక బిడ్డ ఫెయిలై వెనక వరుసలో కూర్చుని ఉంటాడు, లేదా ఆ వారం ఆరాధనకే రాడు. అతనికి ఆ రోజు అందే సందేశం ఏమిటి? దేవుడు వాళ్ల ప్రార్థన విన్నాడు, నా ప్రార్థన వినలేదు అనే కదా. ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే 'మీవాడికెంత?' అని అడిగే ఆంటీలూ అంకుళ్లూ మిగిలిన పని పూర్తి చేస్తారు.

డిప్రెషన్ ఉందని తెలిసినప్పుడు 'విశ్వాసం తక్కువై', 'ప్రార్థన జీవితం లేక' అని తేల్చేసేవారు మన మధ్య ఇంకా ఉన్నారు. ఏలీయా ప్రవక్త కర్మెలు మీద అంత గొప్ప విజయం చూసిన వెంటనే అరణ్యంలో బదరీ వృక్షం కింద కూర్చుని ఇక బతకలేనని దేవుణ్ణి అడిగాడు. ఆయనకు విశ్వాసం లేక కాదు. దేవుడు ఆయన్ను గద్దించలేదు, ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతను పంపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. అలసిన మనిషికి మొదట కావలసింది ఆదరణ అని ఆ అధ్యాయం మనకు నేర్పుతుంది. కుంగిపోయిన బిడ్డ కోసం మోకరించి ప్రార్థించండి, లేచి డాక్టరు దగ్గరకూ తీసుకెళ్లండి. జ్వరానికి మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కానప్పుడు దీనికీ కాదు. 'ఎర్రగడ్డకు తీసుకెళ్లాలి' అని ఎగతాళిగా వాడే మాటను మన నోళ్ల నుంచి, యవ్వనస్థుల కూటాల్లో వేసే జోకుల నుంచి తీసేయాలి. అది వైద్యం అందించే ఆస్పత్రి పేరు, తిట్టు కాదు.

ఏ ఇంట్లోనైనా అలాంటి మరణం జరిగితే, ఆ తల్లిదండ్రుల ముందు నరకం గురించి మాట్లాడడం మానేయాలి. తీర్పు మనది కాదు. సమాధి కార్యక్రమానికి వెనుకాడే సంఘం, ఆ బిడ్డ తమ్ముణ్ణీ చెల్లెల్నీ కూడా దూరం చేసుకుంటోంది. అలాంటి మరణం తర్వాత వారికీ, స్నేహితులకూ ప్రమాదం పెరుగుతుందని వైద్యులు చెబుతారు. అందుకే వారిని ఎక్కువ కనిపెట్టాలి. చనిపోయిన బిడ్డను దూషించకుండా, అలాగని ఆ చావును ఏదో ధీరత్వంగా పొగడకుండా, 'చెప్పుకుంటే సాయం దొరుకుతుంది' అన్న మాటను యవ్వనస్థుల ముందు మెల్లగా, మళ్లీ మళ్లీ చెప్పాలి.

ప్రతి సంఘమూ ఈ ఏడాది మూడు పనులు చేయవచ్చు. ఫలితాల ముందు ఆదివారమే ఫెయిలవడం గురించి మాట్లాడాలి. కాపరి గారో, పెద్దల్లో ఒకరో తాము తప్పిన పరీక్ష గురించి సాక్ష్యం చెబితే ఇంకా మేలు. ఫలితాల రోజు సాయంత్రం తప్పిన పిల్లల ఇళ్లకు ఇద్దరిద్దరు చొప్పున వెళ్లాలి, మార్కుల మాట ఎత్తకుండా కలిసి భోజనం చేసి రావాలి. సండే స్కూల్ టీచర్లకు, యవ్వనస్థుల నాయకులకు ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రిస్టునో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బందినో పిలిపించి ఒక పూట శిక్షణ ఇప్పించాలి, యవ్వనస్థుల్ని కూడా అందులో కూర్చోబెట్టాలి.

తీరంలో తుఫాను షెల్టరు తలుపులు గాలి మొదలవక ముందే తెరిచి ఉంచుతారు. ఈ ఫలితాల రోజున మీ ఇంట్లో ఫోన్ తెర మీద ఏ అంకె వచ్చినా, ముందు ఫోన్ పక్కన పెట్టండి. బిడ్డ ముఖం వైపు తిరగండి. 'తిన్నావా నాన్నా?' అని అడగండి. అన్నం పెట్టండి. మార్కుల సంగతి రేపు మాట్లాడుకోవచ్చు.